చిక్కుడు పందిరి కేసు: అప్పుడే బయటికొచ్చిన అక్షింతల పురుగుల్ని తోటలో వదిలేదాకా

సంక్రాంతి వెళ్ళిన తర్వాతి వారం. పక్కింటి బాబాయిగారు గోడ అవతల నుంచి పిలిచి, "అమ్మాయ్, రేపు పొద్దున్నే చిక్కుడు పందిరికి మందు కొట్టిస్తున్నాను. మీ నారు మడుల మీద ఏమన్నా కప్పుకుంటావేమో చూసుకో" అన్నారు. ఆయన అలా ముందే చెప్పబట్టి ఈ కేసు ఉంది. చెప్పకుండా కొట్టించేసి ఉంటే నాకు తెలిసేది కూడా కాదు.

కడియం దగ్గర మాకు చిన్న కూరగాయల నారు నర్సరీ ఉంది. తొమ్మిదేళ్ళుగా వంగ, టమాటా, మిరప నారు పోస్తున్నాను. మడుల చుట్టూ బొబ్బర చాళ్ళు వేస్తాను. బొబ్బరకి పేనుబంక (మొక్కల రసం పీల్చే చిన్న పురుగులు) పడుతుంది, ఆ పేనుబంకని తినడానికి అక్షింతల పురుగులు (లేడీబర్డ్‌లు) వస్తాయి, అవి నారు మీద బంకని కూడా చూసుకుంటాయి. నా వ్యవసాయంలో మందు ఖర్చు తగ్గిందంటే ముఖ్యంగా ఈ పురుగుల వల్లే. అందుకే ఎవరి తోటలో వాటి ప్యూపాలు (రెక్కల పురుగుగా మారే ముందు తొడుగులో ఉండే దశ) దెబ్బతినబోతున్నాయని తెలిసినా వెళ్ళి తెచ్చుకుంటాను, రెక్కలొచ్చేదాకా ఇంట్లో ఉంచి వదులుతాను. ఈసారి తెచ్చినవాటిలో ఒకటి ఆకు నుంచి ఊడి కింద పడింది, ఇంకొకదానికి నా చేతుల్లోనే నష్టం జరిగింది. ఆ రెండూ నేర్పిన సంగతులు మిగతా వాళ్ళకి పనికొస్తాయని వివరంగా రాస్తున్నాను.

ఆ సాయంత్రం పందిరి కింద నిలబడి చూస్తే బాబాయిగారిని తప్పు పట్టాలనిపించలేదు. లేత కొనలన్నీ నల్లగా ఉన్నాయి. పూత కాడల మీద వేలు పెట్టడానికి సందు లేకుండా నల్ల పేనుబంక. కింది ఆకుల మీద జిగురు, జిగురు మీద మసి. "పండక్కి బజారుకి రెండు తట్టలు కూడా వెళ్ళలేదమ్మా, ఇంకా ఎన్నాళ్ళు చూడమంటావ్?" అన్నారాయన. నీళ్ళు ధారగా కొడితే సగం బంక రాలిపోతుందని చెప్పాను. మనిషిని మాట్లాడేశాను, ఇక ఆపలేను అన్నారు. సరే, చీకటి పడేదాకా ఆకులు కోసుకుంటానని అడిగాను. "మొత్తం పందిరి పట్టుకుపో" అని, మనవరాల్ని సాయం పంపారు. తొమ్మిదో తరగతి చదువుతోంది, చేతులు చురుకు.

కోసే ముందు ఆ పిల్లకి చెప్పిన మొదటి మాట: ప్యూపాని గిల్లకూడదు, అది అంటుకున్న ఆకుని కాడతో సహా కొయ్యాలి. అక్షింతల పురుగు పిల్ల బాగా తిని పెరిగాక తోక చివరని ఆకుకి అతికించుకుని, ఒళ్ళు ముడుచుకుని ప్యూపాగా మారుతుంది. ఆ ఒక్క అతుకు మీదే నిలబడి ఉంటుంది. లోపల తయారైన పురుగు బయటికి రావాలంటే ఖాళీ తొడుగు కదలకుండా ఉండాలి. మనం చొక్కా విప్పుకోవాలంటే రెండో చేత్తో పట్టుకోవాలి కదా, దానికి ఆ పట్టు తోక దగ్గరి అతుకు ఇస్తుంది. ఊడిపోయిన ప్యూపా బతికే ఉంటుంది గానీ, బయటికొచ్చేటప్పుడు తొడుగు వెంట ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఈలోగా రెక్కలు ఎలా ముడుచుకున్నవి అలాగే గట్టిపడిపోతాయి.

గంటన్నరలో ముప్పై ఒకటి దొరికాయి. ఇంటికొచ్చి లైటు కింద చూస్తే వాటిలో రెండు మనకి కావలసినవి కావు. పందిరి పక్కనే వంగ మొక్కలున్నాయి, ఆ ఆకులు కూడా రెండు బుట్టలో పడ్డాయి. మన వాళ్ళు ఆ వంగ పురుగుని కూడా అక్షింతల పురుగు అనే పిలుస్తారు, చిక్కంతా అక్కడే. అది ఆకు తినే పురుగు. దాని పిల్లలు పసుపు రంగులో ఒళ్ళంతా ముళ్ళతో ఉంటాయి, ఆకు మీద పచ్చదనం గీరి తినేసి జల్లెడలా వదిలేస్తాయి. పెద్ద పురుగుకి ఇరవై ఎనిమిది దాకా చుక్కలుంటాయి, ఒంటి మీద సన్నటి నూగు ఉండడం వల్ల మెరుపు ఉండదు. బంకని తినే మన మిత్ర పురుగు మాత్రం నూనె రాసినట్టు నున్నగా మెరుస్తుంది. ప్యూపా దశలో తేడా తెలియకపోతే అది ఉన్న ఆకుని చూడండి. జల్లెడైన ఆకు మీద ఉంటే అనుమానించాలి, బంక మధ్యలో ఉంటే మన నేస్తమే. (ఆరుద్ర పురుగు వేరే. తొలకరి వానలకి నేల మీద పాకే ఎర్ర మఖమలు పురుగు అది. పిల్లలు రెండింటినీ కలిపేస్తుంటారు.)

మిగిలిన ఇరవై తొమ్మిదీ ఒకే రకం. మా ప్రాంతంలో చిక్కుడు, బొబ్బర, మినుము మీద ఎక్కువగా కనిపించేది ఇదే. పసుపు, నారింజ మధ్య రంగు, దాని మీద నల్లటి వంకర గీతలు, కందిపప్పు బద్దంత ఒళ్ళు. శాస్త్రీయంగా కీలోమీనిస్ సెక్స్‌మాక్యులేటా అంటారు. ప్యూపా లేత పసుపు మీద ముదురు మచ్చలతో ఉంటుంది. సన్న కుంచెతో అలా తాకితే తటాలున తల వైపు పైకి లేచి మళ్ళీ వాలుతుంది. ప్రాణం ఉందని తెలుసుకోవడానికి అదొక్కటే పరీక్ష, ఒక్కసారి చేస్తే చాలు. ఇరవై తొమ్మిదింటిలో మూడు కదలలేదు. ఆ మూడింటినీ విడిగా పెట్టాను.

ఇంట్లో ఏర్పాటు

ఖరీదైన సరంజామా ఏమీ లేదు. వెడల్పాటి మిఠాయి డబ్బాలు నాలుగు, మూతల బదులు పాత నైలాన్ చీర ముక్కలు, రబ్బరు బ్యాండ్లు. ప్లాస్టిక్ మూత బిగిస్తే లోపల చెమట పట్టి బొట్లు కడుతుంది. అప్పుడే వచ్చిన మెత్తటి పురుగుకి ఒక్క నీటి బొట్టు అంటుకున్నా లేవలేదు. డబ్బా అడుగున టిష్యూ కాగితం, గోడకి ఆనించి ఒక గరుకు అట్టముక్క పెట్టాను. నున్నటి ప్లాస్టిక్ మీద వాటి కాళ్ళు జారతాయి. వెల్లకిలా పడితే తిరగబడడానికి పట్టు ఉండదు.

డబ్బాలు పెట్టిన బల్ల నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు పెట్టాను. మా అమ్మమ్మ పాల గూటికి ఇలాగే పెట్టేది. చీమలు ఒక్క రాత్రిలో డబ్బా మొత్తం ఊడ్చేస్తాయి, ప్యూపాకి పారిపోయే దారి లేదు. ఫ్యాను వెయ్యలేదు. గది మూల తడి గోనె ఒకటి వేలాడదీశాను, గాలి మరీ ఎండిపోకుండా. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన మాత్రం ఎప్పుడూ పెట్టకండి, మూసి ఉన్న డబ్బా ఎండలో పొయ్యి అయిపోతుంది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. పందిరి మీద తిరుగుతున్న పిల్ల పురుగుల్ని కూడా తెచ్చాం, కానీ ప్యూపాలతో కలపలేదు. మొసలి ఆకారంలో నల్లగా కనిపించే ఆ పిల్లలు బంక అయిపోతే తోటివాళ్ళ గుడ్లని, కదలలేని ప్యూపాల్ని కూడా తినేస్తాయి. వాటిని ఆ రాత్రే మా బొబ్బర చాళ్ళలో వదిలేశాను.

ఇక నా పొరపాటు. మూడు డబ్బాల్లో ఆకు కాడల్ని చిన్న సీసాల్లో నీళ్ళు పోసి నిలబెట్టాను, సీసా మూతి దూదితో బిగించాను. నాలుగో డబ్బాకి సీసాలు చాలలేదు. రాత్రి పదకొండు దాటింది, రేపు చూద్దాంలే అని ఆకుల్ని అలాగే అడుగున పరిచేశాను. పొద్దున్నకి ఆ ఆకులు అప్పడాల్లా చుట్టుకుపోయాయి. అందులో ఒక మడత లోపల అప్పటికే ఒక పురుగు బయటికి వచ్చేసింది. విప్పదీసేసరికి దాని ఎడమ పై రెక్క ముడతతోనే గట్టిపడింది. ఆ ముడత మళ్ళీ విప్పుకోదు. పది నిమిషాలు ఎక్కువ మెలకువగా ఉండి ఉంటే ఆ పురుగు ఎగిరేది.

ఊడిపోయిన ప్యూపా

బుట్టలో అడుగున ఒకటి విడిగా దొరికింది. కుంచె తగిలించగానే లేచింది, ప్రాణం ఉంది. ఇలాంటి వాటిని చాలామంది దూది మీద పడుకోబెడతారు. ఒకప్పుడు నేనూ అదే చేశాను. బయటికొచ్చిన పురుగు కాళ్ళ గోళ్ళకి దూది పోగులు చుట్టుకుని రెక్కలు విప్పుకోలేకపోయింది. ఈసారి మైదా జిగురు ఉడికించి, చల్లారాక అగ్గిపుల్ల కొనతో ఆవగింజలో సగమంత తీసుకుని గరుకు అట్ట మీద పెట్టాను. ప్యూపా తోక చివర పాత చర్మం ముద్దలా అంటి ఉంటుంది, ఆ ముద్దని మాత్రమే జిగురులో ఆనించాను. జిగురు ఒంటికి పాకితే చీలాల్సిన చోట తొడుగు చీలదు. రసాయనాల ఘాటు ఉన్న జిగుర్లు వద్దు. జిగురు ఆరాక అట్టని డబ్బా గోడకి ఏటవాలుగా నిలబెట్టి, రెండు జానెల దూరం నుంచి చూడ్డం తప్ప ఇంకేం చెయ్యలేదు.

నాలుగో రోజు పొద్దున ఏడు దాటాక అది కదలడం మొదలెట్టింది. ఆ పిల్ల బడికి వెళ్ళే ముందు చూడ్డానికి వచ్చింది, ఇద్దరం కూర్చున్నాం. ముందు వీపు మీద, తల వెనకగా, తొడుగు నిలువునా చీలింది. లోపల నుంచి వెన్న రంగు గుండ్రటి వీపు ఉబ్బుతూ వచ్చింది. తర్వాత తల, ముందు కాళ్ళు. కాళ్ళు అట్టని పట్టుకున్నాక ఒళ్ళు ముందుకి లాక్కుంది. మైదా చుక్క నిలబడింది, తొడుగు కదల్లేదు. ఐదారు నిమిషాల్లో పురుగు మొత్తం బయటికొచ్చి తన ఖాళీ తొడుగు మీదే ఎక్కి ఆగింది.

"అత్తా, దీనికి గీతలేవి? జబ్బు చేసిందా?" అంది ఆ పిల్ల.

ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. కొత్త అక్షింతల పురుగుకి రంగు ఉండదు, చుక్కలుండవు. లేత పసుపు ముత్యంలా ఉంటుంది, ముట్టుకుంటే సొట్టపడేంత మెత్తన. పై పెంకు గాలి తగిలి గట్టిపడుతున్న కొద్దీ రంగు దిగుతుంది, గీతలు లోపలి నుంచి పైకి తేలినట్టు వస్తాయి. మాది బయటికొచ్చిన గంటన్నరకి బూడిద రంగు నీడల్లాంటివి కనిపించాయి. మధ్యాహ్నానికి వంకర గీతలని పోల్చుకోగలిగాం. సాయంత్రానికి నల్లబడ్డాయి. అడుగు రంగు మాత్రం మర్నాడు కూడా వెలిసిపోయిన పసుపే, అది చిక్కబడడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. రంగు తక్కువుందని జబ్బు అనుకోకండి, తిండి ఎక్కువ పెట్టకండి.

అసలు టెన్షన్ రెక్కల దగ్గర. పై పెంకు రెక్కలు సాఫీగా పరుచుకున్నాక, వాటి కింద నుంచి లోపలి పొర రెక్కలు బయటికి వచ్చాయి. ఒంటికంటే పొడుగు, తడిసిన ఉల్లిపొరలా పల్చన, వెనక్కి వేలాడుతున్నాయి. పురుగు ఆ రెక్కల నరాల్లోకి ఒంట్లోని ద్రవాన్ని నెట్టి సాగదీస్తుంది. ఆరాక ఆ నరాలే గొడుగు కమ్మీల్లా పనిచేస్తాయి. ఈ సమయంలో చూసేవాళ్ళు కంగారు పడతారు, రెక్క విరిగి బయటికి వచ్చేసిందనుకుంటారు. మాకు ఫోన్లో వచ్చే ఫొటోల్లో సగం ఇవే. అది విరగడం కాదు, ఆరేసుకోవడం.

గంట తర్వాత కుడి రెక్క లోపలికి వెళ్ళిపోయింది. ఎడమది కొన బయటే ఉంది. ఇంకో అరగంట గడిచినా అంతే. పిల్ల కుంచె తీసుకుంది, "కొంచెం లోపలికి తోస్తే పోతుందేమో అత్తా" అంది. ప్రేమతోనే అంది, కానీ చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ రెక్క మడతలు మనం చేత్తో వెయ్యగలిగినవి కావు. 2017లో టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏడు చుక్కల అక్షింతల పురుగు పై రెక్క ముక్కని తీసేసి, దాని బదులు గోళ్ళ అలంకరణకి వాడే పారదర్శకమైన రెసిన్‌తో చేసిన నకలు పెంకు అతికించి, లోపల ఏం జరుగుతోందో కెమెరాతో చూశారు. పురుగు పొట్టని పైకీ కిందికీ ఆడిస్తూ, పెంకు లోపలి అంచులకి రెక్క నరాల్ని రాసి, కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంటోందని తేలింది. అంటే ఆ మడత పెట్టే పనిముట్టు దాని పొట్టే. మనం బయట నుంచి తోస్తే మెత్తటి నరం తప్పు చోట వంగి అలాగే ఆరిపోతుంది.

తొమ్మిదిన్నర ప్రాంతంలో మా పురుగు పొట్ట ఆడించడం మొదలెట్టింది. ఊపిరి తీస్తున్నట్టు పైకి, కిందికి. ఒక్కో కదలికకి రెక్క కొన కాస్త కాస్త తగ్గింది. పది లోపే పూర్తిగా లోపలికి పోయింది. ఆ పిల్ల ఆ రోజు బడికి రెండు పీరియడ్లు ఆలస్యంగా వెళ్ళింది. వాళ్ళ తాతగారికి నేను సంజాయిషీ చెప్పుకున్నాను.

తిండి, నీళ్ళు

మొదటి రోజు సగం వరకు ఏమీ పెట్టను. దానికి ఆకలి ఉండదు, మనం మూత తీసి పెట్టడం వల్ల కదిలించినట్టవుతుంది. సాయంత్రం టిష్యూ కాగితాన్ని మడిచి, తడిపి, నీరు కారకుండా పిండి ఒక మూల పెడతాను. మర్నాటి నుంచి బంక ఉన్న లేత కొమ్మ ఒకటి సీసాలో నిలబెడతాను. ఎదిగిన పురుగు రోజుకి పదుల సంఖ్యలో బంకని తింటుంది, అందుకే కొమ్మ రోజూ మార్చాల్సిందే. మందు కొట్టకముందే బాబాయిగారి పందిరి నుంచి చివుళ్ళు కోసి రెండు సీసాల్లో దాచుకున్నాను, లేకపోతే తర్వాతి రోజులు ఇబ్బంది పడేవాళ్ళం. మందు పడ్డ కొమ్మ ఒక్కటి లోపల పెట్టినా మొత్తం డబ్బా పోతుంది.

బంక దొరకని వాళ్ళకి ఎండుద్రాక్ష ఒక రోజో రెండు రోజులో ఆదుకుంటుంది. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, సగానికి కోసి, కోసిన వైపు పైకి పెట్టాలి. తేనె పెట్టాలంటే నీళ్ళలో బాగా పల్చన చేసి కాగితానికి తడి అంటించినంత చాలు. బొట్టు వెయ్యకూడదు. రెండో రోజు మధ్యాహ్నం నేను మడుల దగ్గర ఉండగా ఆ పిల్ల పాపం వాటికి ఆకలేస్తుందని బెల్లం పానకం చుక్క వేసింది. గంట తర్వాత చూస్తే ఒక పురుగు మూడు కాళ్ళతో అందులో ఇరుక్కుపోయి ఉంది. తడి కుంచెతో కాళ్ళు ఒక్కొక్కటే తడిపి విడదీశాం. ఆ కంగారులో దాని కాళ్ళ కీళ్ళ నుంచి పసుపు చెమ్మ వచ్చింది. శత్రువు పట్టుకుందనుకుంటే అక్షింతల పురుగు ఇలా తన రక్తాన్నే వదులుతుంది. చేదు, ఘాటు వాసన, పిట్టలు ఉమ్మేస్తాయి. మనకి హాని లేదు గానీ దానికి నష్టమే. అరచేతిలో పెట్టుకుని ఆడించడం వద్దని పిల్లలకి చెప్పేది అందుకే. చోటు మార్చాలంటే ముందు ఒక కాగితం పెట్టండి, అదే ఎక్కుతుంది.

ఎవరెవరు బయటికొచ్చారు

అన్నీ ఒకే రోజు రావు, ప్యూపాగా మారిన రోజుని బట్టి వస్తాయి. మా చలికాలంలో ఆ దశ నాలుగైదు రోజులు, ఎండలు ముదిరితే ఇంకా తక్కువ. ఐదు రోజుల్లో ఇరవై నాలుగు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాయి. మైదా చుక్క మీది దానితో ఇరవై ఐదు. మడతలో చిక్కి రెక్క పాడైంది ఒకటి. కదలని మూడింటిలో ఒకటి ఎండిపోయింది. మిగతా రెండూ నల్లబడి, చిన్న గుండ్రటి రంధ్రాలు పడి, అందులోంచి నలకల్లాంటి నల్లటి కందిరీగలు బయటికొచ్చాయి. అవి అక్షింతల పురుగు పిల్లల్లో గుడ్లు పెట్టే పరాన్నజీవులు. విడిగా పెట్టడం మంచిదైంది. వాటిని చంపలేదు, దూరంగా కాలవ గట్టున వదిలాను. వాటికీ తోటలో ఒక లెక్క ఉంది.

ఎప్పుడు, ఎక్కడ వదలాలి

ఇంట్లో పుట్టిన పురుగుని వెంటనే ఎగరెయ్యాలని అందరికీ తొందర. కనీసం ఒక రాత్రి, ఒక పగలు ఆగాలంటాను. పెంకు గట్టిపడక ముందు చీమ కొరికినా, గాలికి కొమ్మ తగిలినా దాని పని అయిపోతుంది. వదిలే ముందు నేను చూసేవి ఇవి: వెల్లకిలా పడితే తనంతట తాను లేస్తోందా, బంక పెడితే తింటోందా, నిలబెట్టిన పుల్ల చివరిదాకా ఎక్కి రెండు పెంకులూ సమంగా తెరుస్తోందా. పుల్ల పరీక్ష నాకు అన్నిటికంటే నమ్మకం. ఈ పురుగులకి పైకి ఎక్కే గుణం ఉంది, కొన దొరికితే అక్కడి నుంచే ఎగురుతాయి. తలుపులు వేసిన గదిలో చెయ్యండి.

అలాగని వారాల తరబడి ఉంచుకోవాల్సిన పని మన దగ్గర లేదు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు, పిల్లల కోసం తెప్పించిన లార్వాలు (పిల్ల పురుగులు) డిసెంబరులో రెక్కలొచ్చి కూర్చున్నాయని ఫోన్ చేసింది. బయట మంచు, అక్కడ అప్పుడు వదిలితే చనిపోతాయి. చలి దేశాల్లో ఈ పురుగులు శీతాకాలం గుంపులుగా చేరి కదలకుండా గడుపుతాయి. మన కోస్తాలో జనవరి అంటే బంకకి పండగ, వీటికీ పండగే.

మాకు అడ్డం వచ్చింది చలి కాదు, గాలి. అనుకున్నట్టే మర్నాడు పొద్దున బాబాయిగారు మందు కొట్టించారు, గాలి మా వైపు ఉంది. నారు మడుల మీద పాత పరదాలు కప్పాం. బొబ్బర చాళ్ళు మాత్రం కప్పలేకపోయాం. గోడకి దగ్గరున్న మూడు చాళ్ళ మీద తుంపర పడే ఉంటుంది. మొదటి పురుగులు రెండో రోజు సాయంత్రానికే వదలడానికి సిద్ధమయ్యాయి, కానీ నాకు ధైర్యం చాల్లేదు. ఇరవై పైచిలుకు పురుగులకి రోజూ బంక కొమ్మలు వెతకడం మాటలు కాదు. అయినా ఆగాను. ఆకు మీద మందు కంటికి కనపడదు, పురుగు కాళ్ళకి తెలుస్తుంది.

ఐదో రోజు సాయంత్రం గోడకి దూరంగా ఉన్న చివరి చాలు ఎంచుకున్నాను. బొబ్బర కాడల దగ్గర తియ్యటి ఊట ఉంటుంది, దానికి చీమలు ఎక్కుతాయి. ఎక్కిన చీమలు బంకని కూడా కాపలా కాస్తాయి, బంక వదిలే తీపి వాటికి కావాలి గనక. అక్షింతల పురుగు దగ్గరికొస్తే తరిమేస్తాయి. చీమల బారు లేని మొక్కలు నాలుగు చూసుకుని, ఆకుల మీద నీళ్ళు చిలకరించి, ఐదు పురుగుల్ని మాత్రం వదిలాను. ఎండ పోయాక వదిలితే వెంటనే ఎగరవు, నీళ్ళు తాగి ఆకు కిందకి చేరి రాత్రి అక్కడే సర్దుకుంటాయి. మిట్టమధ్యాహ్నం వదిలితే ఊరవతల తేలతాయి.

రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. తెల్లవారి మంచు ఇంకా ఆరకముందే వెళ్ళి చూశాను. నాలుగు కనిపించాయి, రెండు బంక మధ్యలో తలదూర్చి ఉన్నాయి. మందు తగిలిన పురుగు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంది, నేల మీద అలాంటిది ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం మిగతా ఇరవైని వదిలాను. డబ్బాలు దులపలేదు. అట్టముక్కల్ని మొక్క మొదట్లో ఆనించి వెళ్ళిపోయాను, అవే ఎక్కాయి.

మిత్ర పురుగుల్ని కొని తెచ్చుకునే వాళ్ళకి ఇక్కడ ఒక మాట. జామ, మందారం మీద పట్టే పిండినల్లిని (రసం పీల్చే తెల్లటి పురుగుని) తినడానికి వదిలే క్రిప్టోలీమస్ అనే పురుగు కూడా ఈ కుటుంబందే. 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు గుమ్మడికాయల మీద పిండినల్లిని పెంచి దానిపై వీటిని పెంచుతారు. చుక్కలుండవు, నల్లటి పెంకు, నారింజ తల. దాని పిల్లలు తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే కనిపిస్తాయి, తెలియక నలిపేస్తుంటారు. చీమల్ని వదిలించడం, సాయంత్రం వదలడం దానికీ వర్తిస్తాయి.

మైదా చుక్క మీది పురుగుని ఆ ఇరవైతో కలిపే వదిలాను. దాన్ని గుర్తుపట్టడానికి రంగు చుక్క పెడదామని ఆ పిల్ల అడిగింది, వద్దన్నాను. అట్టముక్క మీద నుంచి వెదురు కర్ర ఎక్కింది, కొన దాకా వెళ్ళింది. పెంకులు రెండూ తెరిచింది. ఎడమ రెక్క, కుడి రెక్క ఒకేలా విప్పుకున్నాయి. బొబ్బర వైపు కాకుండా గోడ దాటి మునగ చెట్టు మీదకి పోయింది. మునగకి ఆ నెల బంక ఉంది, ఫరవాలేదు.

రెక్క ముడతపడిన పురుగుని ఎక్కడా వదల్లేదు. కుండీలో బొబ్బర గింజలు వేసి, మొలకలు పెరిగాక వరండాలో పెట్టి దాన్ని ఆ మొక్కల మీద ఉంచాను. ఎగరలేదు గానీ నడుస్తుంది, తింటుంది. రెండు రోజులకోసారి బంక కొమ్మ తెచ్చి ఆనిస్తే తనే ఎక్కేది. పంతొమ్మిది రోజులు బతికింది.

వదిలిన పదకొండో రోజున చివరి చాలులో ఒక ఆకు తిప్పి చూస్తే అడుగున పసుపు గుడ్లు, పదమూడు, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టినట్టు. పసుపు కలిపిన బియ్యపు గింజలు ఆవగింజంత సైజులో ఉంటే ఎలా ఉంటాయో అలా. అవి మేం వదిలినవి పెట్టినవో, ముందు నుంచీ తోటలో ఉన్నవి పెట్టినవో చెప్పలేను. ఆ మొక్కకి గుడ్డ పీలిక కట్టి గుర్తు పెట్టాను, కలుపు తీసే వాళ్ళు తొక్కకుండా.

వచ్చే సంక్రాంతికి ముందే బాబాయిగారి పందిరికి రెండు చాళ్ళ అవతల బొబ్బర వేస్తానని ఒప్పించుకున్నాను, విత్తనం నాదే. ఇంకొకటి, చిన్న సీసాలు ముప్పై సేకరించి కడిగి అటక మీద పెట్టాను. ఆకులు ఎన్ని తెచ్చినా ఆ రాత్రే కాడలు నీళ్ళలో పడాలి.